టాప్ ఎండే కొనాలన్న మాట తప్పు

"కొంటే టాప్ మోడలే కొనాలె తమ్మీ, లేకుంటే కొనుడే ఎందుకు?" నారాయణఖేడ్‌లో కారు కొనాలనుకున్న ప్రతి కుర్రాడికీ ఈ మాట ఎదురవుతుంది. బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ ఒకరంటారు, పెళ్లి భోజనాల దగ్గర ఇంకొకరంటారు, షోరూంలో సేల్స్ కుర్రాడు అదే మాట ఇంకాస్త మర్యాదగా అంటాడు. ఇంతమంది అంటున్నారంటే నిజమే అయివుంటుందని కొనేవాడు నమ్ముతాడు. ఇంటిల్లిపాదీ తిరగడానికి కొనే మామూలు కార్ల సంగతి నేనిక్కడ ఎత్తడం లేదు. పికప్ కోసం, మలుపులో రోడ్డు మీద పట్టు కోసం, నడపడంలో ఉన్న ఆనందం కోసం ఎంచుకునే సెడాన్ విషయంలో మాత్రం ఈ సలహా పూర్తిగా తప్పు. దానివల్ల కొనేవాడి డబ్బు పోతుంది, కారు నడకకు ఒరిగేదేమీ ఉండదు, భద్రత పేరుతో చెప్పేదాంట్లో సగానికి సగం నిలబడదు.

ముందు ఏ కార్ల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. స్పోర్ట్స్ సెడాన్ అనగానే స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ గుర్తొస్తుంది. 2025లో అది మళ్లీ మన దేశానికి వచ్చినప్పుడు ధర 49.99 లక్షలు, వచ్చినవి వంద కార్లు. అది ఖేడ్‌లో ఎవరి లెక్కలోకీ రాదు. మన కుర్రాళ్ల కన్ను పడేది మూడింటి మీద: స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, హ్యుందాయ్ వెర్నా టర్బో. మొదటి రెండూ 2022లో వచ్చాయి, పుణె దగ్గరి చాకన్‌లో ఒకే పునాది మీద తయారవుతాయి. మూడోది 2023 మార్చిలో కొత్త రూపంలో వచ్చింది. మూడింట్లోనూ రెండేసి పెట్రోల్ ఇంజన్లు. ఎంపికంతా అక్కడ మొదలవ్వాలి. కానీ మనవాళ్లు మొదలుపెట్టేది సన్‌రూఫ్ దగ్గర.

స్లావియా, వర్టస్‌లలో చిన్న ఇంజను ఒక లీటరుది, మూడు సిలిండర్లు, 115 పీఎస్ శక్తి, 178 న్యూటన్ మీటర్ల టార్క్. పెద్దది లీటరున్నరది, నాలుగు సిలిండర్లు, 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. ఈ పెద్ద ఇంజనులో ఒక తెలివి ఉంది. కాలు తేలిగ్గా పెట్టి సమంగా పోతున్నప్పుడు నాలుగింటిలో రెండు సిలిండర్లను తనంతట తానే ఆపేసుకుంటుంది. కాలు గట్టిగా వేయగానే నాలుగూ అందుకుంటాయి. నడిపేవాడికి ఆ మార్పు దాదాపు తెలియదు, పెట్రోలు మాత్రం మిగులుతుంది. వెర్నాలో మామూలు ఇంజను 115 పీఎస్, టర్బో ఇంజను 160 పీఎస్. ఈ తేడా బ్రోచర్‌లో ఒక చిన్న పట్టికలో ఉంటుంది. సన్‌రూఫ్ బొమ్మ మాత్రం పేజీ మొత్తం ఉంటుంది.

ఇక అసలు మోసం పేర్లలో ఉంది. 2024 అక్టోబరులో ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లో జీటీ లైన్ అని ఒక వేరియంట్ తెచ్చింది. నల్ల గ్రిల్లు, నల్ల చక్రాలు, లోపల నల్ల సీట్లు, చూడ్డానికి ఉరికే గుర్రంలా ఉంటుంది. బానెట్ కింద ఉన్నది మాత్రం లీటరు ఇంజనే, అదే 115 పీఎస్. అంతకు నెల ముందు స్కోడా స్లావియాలో మాంటె కార్లో, స్పోర్ట్‌లైన్ అనే వేరియంట్లు వచ్చాయి. మాంటె కార్లో పేరు స్కోడా ర్యాలీ చరిత్రలోంచి తెచ్చుకున్నది. ఆ పేరు మోస్తున్న కారు కూడా లీటరు ఇంజనుతో దొరుకుతుంది. ఇదంతా చట్టబద్ధమే, బ్రోచర్‌లో ఇంజను సంగతి రాసే ఉంటుంది, కంపెనీ అబద్ధం చెప్పలేదు. కానీ "పైకి వెళ్లేకొద్దీ మంచిది" అని నమ్మి వచ్చినవాడు, వేరియంట్ పేరులో స్పోర్ట్ అన్న మాట చూసి, పరుగు పెరగని కారుకు పరుగు ధర కట్టి వస్తాడు. అతన్ని ఆ దారిలో పెట్టింది మనం రోజూ చెప్పే ఆ సలహానే.

పొలాల అమావాస్య నాడు మన ఊళ్లలో ఎద్దుల కొమ్ములకు రంగులేస్తాం, మువ్వలు కడతాం, ఊరేగిస్తాం. అదే ఎద్దును సంతలో కొనేటప్పుడు రంగు చూసి కొన్న రైతు ఒక్కడూ ఉండడు. నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి కాలు చూస్తాడు, మెడ మీద కాడి మచ్చ తడిమి చూస్తాడు. అంత ఎరుక ఉన్న ఇంటి నుంచి వచ్చిన కుర్రాడు పద్నాలుగు, పదిహేను లక్షల సొమ్ముతో కారు కొనేటప్పుడు తెర ఎన్ని అంగుళాలని అడుగుతున్నాడు.

కింది వేరియంట్‌లో పెద్ద ఇంజను దొరకదు కదా, అందుకే పైది కొనాల్సి వస్తుంది అని ఒక వాదన ఉంది. ఒకప్పుడు అది నిజం. 2022లో స్లావియా వచ్చినప్పుడు లీటరున్నర ఇంజను కావాలంటే అన్నిటికంటే పైనున్న స్టైల్ వేరియంటే దిక్కు. వర్టస్‌లో జీటీ ప్లస్ తప్ప వేరే దారి లేదు. ఇంజను కావాలంటే దానితో పాటు అలంకారమంతా కొనాల్సిందే. కానీ 2023లో ఆ రెండు కంపెనీలూ ఒక మెట్టు దిగాయి. స్లావియాలో మధ్య వేరియంట్ అయిన యాంబిషన్‌కు లీటరున్నర ఇంజను ఇచ్చారు. వర్టస్‌లో అలంకారాలు కొన్ని తగ్గించి, ఇంజను, డీఎస్‌జీ గేర్‌బాక్సు అలాగే ఉంచి జీటీ అనే వేరియంట్ తెచ్చారు. జీటీ ప్లస్‌కూ దానికీ ధరలో అప్పట్లో రెండు లక్షలకు పైగా తేడా. వెర్నా అయితే మొదటి రోజు నుంచీ టర్బో ఇంజనును ఎస్‌ఎక్స్, ఎస్‌ఎక్స్ ఆప్షనల్ అనే రెండు వేరియంట్లలోనూ ఇచ్చింది. ఊరికే ఎవరూ ధర తగ్గించరు. ఇంజను కావాలి, హంగులు అక్కర్లేదు అని అడిగే కొనుగోలుదార్లు ఉన్నారని తెలిసే ఈ పని చేశారు. ఆ అడిగేవాళ్లలో మనం కూడా ఉండాలి.

హంగులకు పెట్టిన డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలంటే వర్టస్ జీటీ ప్లస్ చక్రాల దగ్గర వంగి చూడండి. ముందు చక్రాల్లో డిస్క్ బ్రేకు, దాని కాలిపర్‌కు ఎర్ర రంగు. దూరం నుంచే కనిపిస్తుంది, ఫొటోలో బాగుంటుంది. వెనక చక్రాల్లోకి చూస్తే డ్రమ్ము బ్రేకు. 150 పీఎస్ కారుకు, ఆ శ్రేణిలో అన్నిటికంటే పై వేరియంట్‌కు, వెనక డ్రమ్ము. డ్రమ్ముతో కారు ఆగదని నేను అనను, మామూలు వాడకానికి అది సరిపోతుంది. కానీ సన్‌రూఫ్‌కు, సీట్లలో గాలి ఫ్యానుకు, ఎర్ర దారపు కుట్టుకు డబ్బు దొరికింది, వెనక డిస్కుకు దొరకలేదు. టాప్ ఎండ్ అంటే అన్నీ మెరుగైనవే అని నమ్మేవాళ్లు ఈ ఒక్కటి చూస్తే చాలు. కనిపించేవి పెరిగాయి, కారును ఆపేది పెరగలేదు.

మంచి స్పోర్ట్స్ కార్ల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. హోండా సిటీ మన దేశానికి 1998లో వచ్చింది. ఆ తర్వాత దానిలో వీటెక్ ఇంజను పెట్టారు, 106 హార్స్‌పవర్. సన్‌రూఫ్ లేదు, తెర లేదు, లోపలంతా సాదాసీదా. ఇరవై ఏళ్లు దాటినా కార్లు ప్రేమించేవాళ్లు దాన్ని వెతుక్కుని కొంటున్నారు, ఆ ఇంజను ఎర్ర గీత దాకా ఎక్కే తీరును ఇప్పటికీ చెప్పుకుంటారు. దాని సీటు కవరు గురించి ఎవరూ చెప్పుకోరు. అమెరికాలో మన తెలుగు కుర్రాళ్లు ఇష్టపడే కార్లలో సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఒకటి. దానిలో అడుగు వేరియంట్‌లోనూ పైవాటిలోనూ ఒకటే ఇంజను, 2.4 లీటర్ల టర్బో. 2024లో సుబారు దానికి టీఆర్ అని ఒక వేరియంట్ చేర్చింది. దానికి బ్రెంబో బ్రేకులు, రెకారో సీట్లు ఇచ్చి, పైకప్పు అద్దం తీసేసింది. నడపడం ఇష్టమున్నవాళ్ల కోసం కారు చేయాలనుకున్నప్పుడు ఆ కంపెనీ చేర్చింది బ్రేకు, తీసేసింది సన్‌రూఫ్. మన దగ్గర సరిగ్గా తలకిందులు.

ఇక డబ్బు. "తేడా లక్షే కదా అన్నా, ఈఎంఐలో రెండు వేలు పెరుగుతది, అంతే" అంటారు. ఆ లక్షను నిదానంగా లెక్కగడదాం. 2023లో వెర్నా టర్బో మాన్యువల్ గేర్లతో ఎస్‌ఎక్స్ ధర ఎక్స్ షోరూం దాదాపు 14.84 లక్షలు, ఎస్‌ఎక్స్ ఆప్షనల్ దాదాపు 15.99 లక్షలు. తేడా లక్షా పదిహేను వేలు. తెలంగాణలో 2022 మే నుంచి పది లక్షలు దాటి ఇరవై లక్షల లోపున్న కార్లకు లైఫ్ ట్యాక్స్ 17 శాతం పెట్టారు. ఆ తేడా మీద అదొక పందొమ్మిదిన్నర వేలు. ఇన్సూరెన్సు కారు విలువను బట్టి ఉంటుంది కాబట్టి అదీ కొంత పెరుగుతుంది. దాన్ని వదిలేసి మొత్తం లక్షా ముప్పై అయిదు వేలే అనుకుందాం. తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పు తీసుకుంటే నెలకు దాదాపు 2,170 రూపాయలు, ఏడేళ్లలో మొత్తం లక్షా ఎనభై రెండు వేలు. రెండు వేలే కదా అన్నది ఇప్పుడు లక్షా ఎనభై రెండు వేలయింది. దానికి వచ్చింది పెద్ద తెర, బోస్ స్పీకర్లు, గాలి సీట్లు, డ్రైవరుకు సాయపడే ఏడాస్ వ్యవస్థ. ఇంజనులో ఒక్క పీఎస్ పెరగలేదు.

ఇంకోటి కూడా మనవాళ్లు గమనించరు. ఎక్స్ షోరూం ధరలోనే జీఎస్టీ కలిసి ఉంటుంది. నాలుగు మీటర్లు దాటిన ఈ సెడాన్ల మీద ఇదివరకు సెస్సుతో కలిపి 45 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అంటే హంగుల కోసం అదనంగా కట్టే ప్రతి వంద రూపాయల్లో ఇప్పుడు కూడా ఇరవై ఎనిమిది రూపాయలకు పైగా పన్నే. ఆ మొత్తం మీద మళ్లీ లైఫ్ ట్యాక్స్. పన్ను మీద పన్ను కడుతూ స్పీకరు కొంటున్నాం. అదే స్పీకరు బయట కొట్లో కొంటే లైఫ్ ట్యాక్స్ ఉండదు, జీఎస్టీ కూడా అంత ఉండదు. టైర్లూ అంతే. ఈ కార్లకు వేసే 205/55 ఆర్16 సైజులో మంచి పట్టున్న టైర్లు నాలుగు మార్చుకుంటే నలభై వేల చుట్టూ అవుతుంది. కారు నడకను నిజంగా మార్చే ఖర్చు అదొక్కటే. మిగిలిన డబ్బుతో కోయంబత్తూరు కరి స్పీడ్‌వే లాంటి చోట డ్రైవింగ్ శిక్షణకు ఒకసారి వెళ్లి రావచ్చు. బ్రేకు ఎంత గట్టిగా తొక్కవచ్చో మనలో చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా తెలియదు. అది తెలిసినవాడికీ తెలియనివాడికీ ఉన్న తేడా ఏ వేరియంట్‌లోనూ దొరకదు.

అమ్మేటప్పుడు టాప్ ఎండ్‌కు మంచి ధర వస్తుందన్నది రెండో మాట. మంచి ధర అంటే ఎంత? ఇన్సూరెన్సు వాళ్లు కారు విలువ కట్టే పద్ధతిలో రెండేళ్లు దాటి మూడేళ్లలోపు 30 శాతం, నాలుగేళ్లు దాటి అయిదేళ్లలోపు 50 శాతం తరుగు తీస్తారు. ఆ తరుగు ఇంజనుకూ పడుతుంది, సన్‌రూఫ్‌కూ పడుతుంది. అదనంగా పెట్టిన లక్షా పదిహేను వేలకు అయిదో ఏట యాభై ఏడు వేలు మిగిలితే గొప్ప. కట్టిన లైఫ్ ట్యాక్సును కొనేవాడు విడిగా లెక్కగట్టి మీ చేతిలో పెట్టడు. కింది వేరియంట్‌కు తక్కువ ధర వస్తుంది, నిజమే. కానీ దానికి పెట్టింది కూడా తక్కువే. పోయిన డబ్బు ఎంతో చూడాలి గానీ వచ్చిన డబ్బు ఎంతో చూస్తే లెక్క తప్పుతుంది. పైగా సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వచ్చినవాడు మొదట అడిగేవి ఏ ఇంజను, ఎన్ని కిలోమీటర్లు, ఎన్నో ఓనరు, సర్వీసు రికార్డు ఉందా అన్నవే. అయిదేళ్ల నాటి తెర అప్పటికి పాతబడిపోయి ఉంటుంది. ఇంజను పాతబడదు.

అన్నిటికంటే బరువైన వాదన భద్రతది. ప్రాణాల దగ్గర పైసలు చూస్తామా అంటారు. చూడకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. కాబట్టే నిజం తెలుసుకోవాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు కార్లను గోడకు గుద్ది పరీక్షించేటప్పుడు భద్రత సామగ్రి అన్నిటికంటే తక్కువగా ఉన్న అడుగు వేరియంట్‌నే తీసుకుంటారు. 2023 ఏప్రిల్‌లో స్లావియా, వర్టస్‌లకు అయిదు నక్షత్రాలు వచ్చాయి. అవి కింది వేరియంట్ సంపాదించిన నక్షత్రాలు. అదే ఏడాది అక్టోబరులో వెర్నాకూ అయిదు వచ్చాయి. అయితే ఆ పరీక్షలో వెర్నా బాడీ నిర్మాణాన్ని స్థిరంగా లేదని తేల్చారు, స్లావియా, వర్టస్‌లది స్థిరంగా ఉందన్నారు. ఏ వేరియంట్ కొన్నా ఆ ఉక్కు ఒకటే. టాప్ ఎండ్ కొన్నంత మాత్రాన వెర్నా బాడీ గట్టిపడదు, అడుగు వేరియంట్ కొన్నంత మాత్రాన స్లావియా బాడీ మెత్తబడదు. భద్రత మీద నిజంగా దిగులున్నవాడు పోల్చాల్సింది కారును కారుతో. ఒకే కారులో వేరియంట్‌ను వేరియంట్‌తో పోల్చి ఊరట పొందడం తనను తాను మభ్యపెట్టుకోవడమే.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. స్లావియా, వర్టస్‌లలో 2024 దాకా కింది వేరియంట్లకు రెండే ఎయిర్‌బ్యాగులు ఉండేవి, ఆరు కావాలంటే పైకి వెళ్లాల్సి వచ్చేది. ఆ రోజుల్లో టాప్ ఎండ్ వాళ్ల మాటకు బలం ఉంది. 2024లో రెండు కంపెనీలూ అన్ని వేరియంట్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టాయి. వెర్నాలో మొదటి నుంచీ అన్నిట్లోనూ ఆరే. కాబట్టి కొత్త కారు కొనేవాడికి ఆ వాదన ముగిసింది. 2022, 2023 నాటి సెకండ్ హ్యాండ్ కారు కొనేవాడు మాత్రం ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయో లెక్కపెట్టుకునే కొనాలి.

మిగిలింది ఏడాస్. ముందు అద్దం మీద కెమెరా, బంపర్లలో రాడార్, ముందున్న బండిని కనిపెట్టి బ్రేకు వేయడం, గీత దాటితే స్టీరింగును లాగడం. 161వ జాతీయ రహదారి మీద, సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు గీతలు స్పష్టంగా ఉన్న నాలుగు వరుసల దారిలో అది పనికొస్తుంది. వారానికి నాలుగు రోజులు హైదరాబాద్ వెళ్లొచ్చేవాడు దాని కోసం డబ్బు పెడితే నేను తప్పుపట్టను. కానీ ఖేడ్ మనుషులం రోజూ తిరిగేది కంగ్టి, మనూర్, సిర్గాపూర్ దారుల్లో. అక్కడ గీతే లేని చోట ఏ గీత చూసి స్టీరింగు లాగుతుంది?

మన దారుల్లో ప్రమాదం ఎలా ఉంటుందో ఇక్కడ బండి నడిపే ప్రతివాడికీ తెలుసు. చలికాలం, చెరుకు కోతలు నడుస్తుంటాయి. ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టరు వెనక రెండు ట్రాలీలు. ట్రాలీ అంచు దాటి గడలు వెనక్కి వేలాడుతుంటాయి. వెనక లైటు ఉండదు, ఉన్న రేడియం పట్టీ మీద మట్టి పేరుకుని ఉంటుంది. ట్రాలీ ఇనుప చట్రం కంటే ముందు మన అద్దానికి తగిలేది ఆ గడల కొసలు. కెమెరా, రాడార్‌ల పరిమితులు ఏమిటో, అంతిమ బాధ్యత డ్రైవరుదేనని కంపెనీలే తమ పుస్తకంలో రాస్తాయి. అలాంటి ట్రాలీ దగ్గర మనల్ని కాపాడేవి మంచి హెడ్‌లైటు, మంచి బ్రేకు, మంచి టైరు, తొందరలేని మనిషి.

ఆ ట్రాలీని దాటేటప్పుడు పెద్ద ఇంజను విలువ తెలుస్తుంది. రెండు వరుసల దారిలో దాటడమంటే కుడి పక్కకు వెళ్లి, రెండు ట్రాలీల పొడవునా పోయి, తిరిగి ఎడమకు రావడం. కుడి పక్కన గడిపే ప్రతి సెకను ఎదురొచ్చే లారీకి దగ్గరవుతున్న సెకనే. 250 న్యూటన్ మీటర్ల ఇంజను 1,600 ఆర్‌పీఎం నుంచే ఆ బలాన్నంతా ఇస్తుంది. గేరు తగ్గించి, ఇంజను అరిచి, అది అందుకునేదాకా వేచి చూసే పని ఉండదు. చిన్న ఇంజనుతో నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ వేసుకుని అదే పని చేసి చూడండి. స్పోర్ట్స్ సెడాన్‌లో పెద్ద ఇంజను పోకిరీతనానికే అనుకునే పెద్దవాళ్లు ఈ సంగతి గమనించాలి. మన దారుల్లో అది కూడా భద్రత సామగ్రే. దాన్ని వదిలేసి చిన్న ఇంజనులో టాప్ ఎండ్ తీసుకున్నవాడు కనిపించే భద్రత కొని, పనికొచ్చే భద్రత వదులుకున్నాడు.

సన్‌రూఫ్ గురించి నాకు మర్యాదగా మాట్లాడటం కష్టం. మే నెలలో మన దగ్గర నలభై నాలుగు డిగ్రీలు. నెత్తి మీద ఉక్కు ఉండాల్సిన చోట అద్దం పెట్టుకుని, దాని కింద తెర లాక్కుని, ఏసీని రెండు గీతలు పెంచి తిరుగుతున్నాం. దాని చుట్టూ వాన నీరు పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి. మన దుమ్ముకు అవి పూడుకుపోతాయి, రబ్బరు ఎండకు గట్టిపడుతుంది, మూడో వానాకాలానికి పైకప్పు బట్ట మీద మరక కనిపిస్తుంది. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. కొత్త కారు కొన్న ఇంట్లో పిల్లల్ని సీటు మీద నిలబెట్టి, సన్‌రూఫ్‌లోంచి నడుము దాకా బయటికి నిలిపి, ఊరేగింపులా తిప్పుతున్నారు. కుక్క అడ్డొచ్చి సడెన్ బ్రేకు వేస్తే ఆ పిల్ల పొట్ట ఆ అంచుకు కొట్టుకుంటుంది, లేదా మనిషే ఎగిరి రోడ్డు మీద పడుతుంది. ఆరు ఎయిర్‌బ్యాగుల్లో ఒక్కటీ ఆ పిల్లను అందుకోలేదు. భద్రత కోసమే టాప్ ఎండ్ కొన్నామని చెప్పిన ఇంట్లోనే ఇది జరుగుతోంది.

గాలి సీట్ల సంగతి వేరు. మన ఎండలో, రెండు గంటల ప్రయాణంలో, వీపు తడవకుండా ఉండటం సుఖమే. అదొక్కటి కావాలని పైకి వెళ్లేవాడితో నేను వాదించను. అయితే ఆ ఒక్కదాని కోసం లక్ష పెడుతున్నానని అతనికి తెలిసి ఉండాలి.

చివరిగా పరువు. నిజానికి ఇదే మొదటిది, మిగతా వాదనలన్నీ దీనికి కప్పిన దుప్పట్లు. బేస్ మోడల్ తెచ్చాడంటే డబ్బులు లేవనుకుంటారు అన్న భయం. ఆ భయంతో మనిషి తన డబ్బు తగలేసుకుంటే అది అతని ఇష్టం. కానీ ఇక్కడ తగలబడేది చాలాసార్లు ఇంకొకరి డబ్బు. పెళ్లి మాటల్లో కారు ఉంటుంది, ఏ కారు అన్నది ఉంటుంది, ఇప్పుడు ఏ వేరియంట్ అన్నది కూడా ఉంటోంది. అల్లుడికి అడుగు వేరియంట్ ఇచ్చారని అనిపించుకోలేక ఆడపిల్ల తండ్రి ఇంకో లక్షన్నర అప్పు చేస్తాడు. ఖేడ్ తండాల నుంచి ప్రతి ఏటా చెరుకు కొట్టడానికి కుటుంబాలకు కుటుంబాలు పిల్లల్ని వెంటేసుకుని కర్ణాటక, మహారాష్ట్ర ఫ్యాక్టరీల దాకా వలసపోతాయి. ఆ కుటుంబాలు ఒక సీజనంతా ఒళ్లు వంచి తెచ్చుకునే డబ్బును ఇదే గడ్డ మీద ఇంకో ఇంట్లో స్పీకర్లకూ పైకప్పు అద్దానికీ పెడుతున్నారు, అదీ పిల్లనిచ్చినవాడి నెత్తిన రుద్ది. కట్నం అడగడం 1961 నుంచీ నేరం. వేరియంట్ అడగడం కూడా అదే నేరం. "టాప్ ఎండే కొనాలె" అన్న మాట ఊళ్లో ఎంత తేలిగ్గా తిరిగితే ఆ తండ్రి మీద ఒత్తిడి అంత పెరుగుతుంది. ఆ మాట అనేవాళ్లు, సరదాకే అన్నామనుకునేవాళ్లు, ఇది ఆలోచించాలి.

నేను అన్నిటికంటే అడుగున ఉన్నదే కొనమంటున్నానని ఎవరూ అనుకోవద్దు. వెర్నా అడుగు వేరియంట్ ఈఎక్స్‌లో టర్బో ఇంజనే రాదు. స్లావియా, వర్టస్ అడుగు వేరియంట్లలో లీటరు ఇంజనే ఉంటుంది. ఊళ్లో తిరగడానికి, నెమ్మదిగా హైదరాబాద్ వెళ్లి రావడానికి అవి చాలు, అలాంటి వాడకం ఉన్నవాళ్లు నిశ్చింతగా అవే తీసుకోవచ్చు. స్పోర్ట్స్ సెడాన్ కావాలనుకునేవాడు మాత్రం పెద్ద ఇంజను దొరికే వేరియంట్లలో అన్నిటికంటే కిందిదాని దగ్గర ఆగాలి. ఆ మెట్టు దాటి పైకి పెట్టే ప్రతి రూపాయికీ సమాధానం అతనే చెప్పుకోవాలి.

షోరూంకు వెళ్లబోయే తమ్ముళ్లకు నాదొక విన్నపం. వేరియంట్ పేరు అడగకండి, ఇంజను అడగండి. ఆ ఇంజనున్న వేరియంట్లన్నీ కింది నుంచి పైకి ఆన్‌రోడ్ ధరలతో కాగితం మీద రాయించుకోండి. టెస్ట్ డ్రైవ్‌కు పై వేరియంటే ఇస్తామంటే, కింది వేరియంట్ తెప్పించేదాకా అడ్వాన్సు కట్టకండి. వీలైతే చీకటి పడ్డాక నడపండి, హెడ్‌లైటు వెలుగు ఎంత దూరం పడుతోందో చూడండి, ఖాళీ రోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కి చూడండి. పెద్ద ఇంజనున్న కింది వేరియంట్ ఇప్పుడు రావట్లేదని చెబితే ఇంకో షోరూంలో అడగండి, బీదర్‌లోనో హైదరాబాద్‌లోనో. నా తీర్పు అడిగితే, బాడీ గట్టిదనం కూడా చూసుకుని, స్లావియాలోనో వర్టస్‌లోనో లీటరున్నర ఇంజను ఏ కింది వేరియంట్‌లో దొరికితే అది తీసుకుంటాను. మిగిలిన డబ్బుతో అప్పు నెలలు తగ్గించుకుంటాను.